పాకెట్ మీద రాయని వాక్యం

మొన్నొక కందిపప్పు పాకెట్‌ని కథ చదివినట్టు చదివాను. పగలంతా కోడ్ రాసుకుని రాత్రిపూట పుస్తకాల మీద నాలుగు మాటలు రాసుకునే నాలాంటి వాడికి ఇదొక జబ్బు. చేతికి ఏ కాగితం దొరికినా ఇందులో కథకుడెవరు, ఏం చెప్పకుండా దాటేస్తున్నాడు అని వెతుకుతాను.

పాకెట్ ఖాకీరంగు కాగితంతో చేసింది. ముందువైపు ఎడ్లబండి బొమ్మ. వెనకవైపు ఒక పేరా. అందులో అమ్మమ్మ ఉంది, తిరగలి ఉంది, తొలకరికి తడిసిన మట్టి వాసన ఉంది. తలపాగా చుట్టుకున్న రైతు ఒకాయన నవ్వుతున్నాడు. ఆయనకి పేరు లేదు, ఊరు లేదు. ఈ కిలో పప్పుకి ఆయన చేతికి ఎంత వచ్చిందన్న వాక్యం ఎక్కడా లేదు. ధర మాత్రం పక్క అరలో ఉన్న మామూలు కందిపప్పుకి దాదాపు రెట్టింపు.

ఆ పేరా రాసింది ఏదో ప్రకటనల కంపెనీ కుర్రాడై ఉంటాడు. కానీ ఆ వచనం అతనికి నేర్పింది మనమే. పల్లె జ్ఞాపకాల పేరుతో మనం ఏళ్ళ తరబడి రాసి, చదివి, కళ్ళు తుడుచుకున్న వచనం అది. రైతు ఉరేసుకునే కథ చదివి రెండు రోజులు అన్నం సహించలేదని చెప్పుకునే మనమే, కూరగాయల బండి దగ్గర కొత్తిమీర కట్ట కొసరు అడుగుతాం. నేనూ అడిగాను.

సహజ పద్ధతిలో పండిన తిండి మామూలు మనిషికి అందే ధరకి రావడం సాధ్యమే అని నా వాదన. రానివ్వనిది నేల కాదు, రైతు ఆశ కాదు, నిజానికి చాలాసార్లు షాపువాడి దురాశ కూడా కాదు. ముందుగా మాట ఇవ్వగల స్తోమత ఉన్న మనలాంటి జీతగాళ్ళం మాట ఇవ్వకపోవడం. ఇచ్చినా నిలబెట్టుకోకపోవడం.

*

ఈ విషయం ఎత్తగానే రెండు జవాబులు వస్తాయి. ఒకటి, 'మంచి సరుకు కావాలంటే డబ్బు పెట్టాలి బాస్' అనే జవాబు. రెండోది, 'ఇదంతా గేటెడ్ కమ్యూనిటీల సోకు, జనానికి కడుపు నిండితే చాలు' అనే జవాబు. మొదటిది అనేవాళ్ళు ఆ ధర పెట్టగలిగినవాళ్ళు. రెండోది అనేవాళ్ళు పెట్టలేనివాళ్ళ తరఫున మాట్లాడుతున్నామనుకునేవాళ్ళు. ఒకరినొకరు తిట్టుకుంటారు గానీ ఒక దగ్గర ఇద్దరూ కలుస్తారు. మామూలు పప్పు ధరే అసలు ధర, ఈ పప్పు ధర దానికి పైన తగిలించిన విలాసం అని ఇద్దరూ నమ్ముతారు.

ఆ 'అసలు ధర' సంగతి చూద్దాం. 45 కిలోల యూరియా బస్తా రైతుకి 266 రూపాయల 50 పైసలకి దొరుకుతుంది. దాని నిజమైన ఖర్చు అంతకి ఎన్నో రెట్లు. మిగతాది కేంద్రం భరిస్తుంది. 2022-23లో ఎరువుల సబ్సిడీ మొత్తం రెండున్నర లక్షల కోట్ల రూపాయలు దాటింది. యుక్రెయిన్ యుద్ధంతో ధరలు మండిపోయిన ఏడాది అది, ఒప్పుకుంటాను. దాని పక్కన ఇంకో అంకె పెట్టండి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ సహజ వ్యవసాయ మిషన్‌కి రాష్ట్రాల వాటాతో కలిపి 2,481 కోట్లు. అంటే ఆ ఒక్క ఏడాది ఎరువుల సబ్సిడీలో అటూ ఇటూగా వందో వంతు.

కాబట్టి మామూలు పప్పూ బియ్యమూ చవక కాదు. వాటి బిల్లులో కొంత భాగం మన పన్నుల్లోంచి ముందే కట్టేశాం, అంతే. రసాయనాలు వాడని రైతు ఆ సబ్సిడీలో ఒక్క రూపాయి వాడుకోడు. పైగా కలుపు తీతకి కూలీ ఎక్కువ, మొదటి రెండు మూడేళ్ళు దిగుబడి తగ్గే ప్రమాదం కూడా అతనిదే. ఇద్దరినీ ఒకే గీత దగ్గర నిలబెట్టి పరుగు పెట్టించి, 'చూశారా, ఇతను వెనకబడ్డాడు' అంటున్నాం.

అలాగని యూరియా రేపే ఆపేయమని అనడం లేదు. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించి, పంట కుదేలై, అదే ఏడాది నవంబరులో వెనక్కి తగ్గింది. ఆ మొండితనానికి నేను వకాల్తా పుచ్చుకోను. సబ్సిడీ లెక్క మార్చడం ప్రభుత్వం పని. అది జరిగేదాకా మన చేతిలో ఉన్న లెక్క ఇంకోటి ఉంది. రైతు చేతికీ షాపు అరకీ మధ్య పెరిగే ధర.

*

కందులు పప్పు కావాలంటే మర పట్టాలి. మామూలు మిల్లులో క్వింటాల్ కందులకి సుమారు 70 నుంచి 75 కిలోల పప్పు వస్తుంది. మిగతాది పొట్టు, నూక, పొడి. ఇది తప్పని తరుగు. దీని మీద ఎవరితోనూ తగువు లేదు.

ఆ తర్వాతవన్నీ మాట్లాడుకోవలసినవే. గోదాములో విషపు బిళ్ళల పొగ పెట్టని పప్పుకి పురుగు పడుతుంది. నెలల తరబడి అరలో కూర్చునే సరుకులో కొంత పుచ్చిపోతుంది. ఆ పుచ్చిన దాని ధర పుచ్చని దాని మీద పడుతుంది. అందమైన పాకెట్‌కి డబ్బు. 2022 జులై నుంచి పప్పునీ బియ్యాన్నీ 25 కిలోల లోపు పాకెట్ కట్టి లేబుల్ వేస్తే 5 శాతం జీఎస్టీ. బస్తాలోంచి విడిగా తూచి పోస్తే అది లేదు. అంటే ఆ అమ్మమ్మ పేరాకి కూడా మనం పన్ను కడుతున్నాం. సేంద్రియమని బయటి సంస్థ ఇచ్చే సర్టిఫికెట్‌కి ఖర్చు. షాపు అద్దె, ప్రకటనలు, ఇంటికి తెచ్చే కుర్రాడి పెట్రోలు.

వీటిలో చాలావాటికి మూలం ఒకటే. ఎవరు, ఎప్పుడు, ఎంత కొంటారో అమ్మేవాడికి తెలియదు. తెలియనితనానికి ధర ఉంటుంది. నా ఉద్యోగంలో కూడా ఇంతే. ఎంతమంది వస్తారో తెలియని వెబ్‌సైట్‌కి మూడింతల సర్వర్లు పెట్టి కూర్చుంటాం. ఖచ్చితంగా ఇంతమందే అని తెలిస్తే ఆ ఖర్చు ఉండదు. సెప్టెంబరులోనే 'వచ్చే ఏడాదికి మా ఇంటికి 24 కిలోలు' అని చెప్పి సగం డబ్బు కట్టిన ఇల్లు, అమ్మేవాడి నెత్తి మీంచి ఈ భయం తీసేస్తుంది. పురుగు పట్టేలోపే సరుకు ఇళ్ళకి చేరుతుంది, పాకెట్ అక్కర్లేదు, ప్రకటన అక్కర్లేదు. నేరుగా రైతు దగ్గర కొనుక్కుని ఏడాదికోసారి పొలానికి వెళ్ళి చూసొచ్చే మనుషులకి ఖరీదైన సర్టిఫికెట్ కూడా అక్కర్లేదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో తెచ్చిన నిబంధనలు కూడా నేరుగా అమ్ముకునే చిన్న రైతుకి ఆ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఇచ్చాయి.

*

ఇదేదో నాకు తట్టిన కొత్త ఆలోచన కాదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది కలిసి చిన్న దుకాణం తెరిచారు. వాళ్ళలో చాలామంది నేతపనివాళ్ళు. పిండి, వెన్న, చక్కెర, ఓట్ల పిండి లాంటి కొద్దిపాటి సరుకు. పిండిలో సుద్ద కలిపే రోజులవి. కల్తీ లేని సరుకు, సరైన తూకం అన్నవి వాళ్ళ నియమాలు. ఇంకోటి కూడా ఉంది, దాన్ని మనవాళ్ళు గమనించరు. వాళ్ళు తక్కువ ధరకి అమ్మలేదు. బజారు ధరకే అమ్మి, మిగిలింది ఎవరెంత కొన్నారో దాన్నిబట్టి వాళ్ళకే పంచారు. డిస్కౌంట్ ముందు రాదు, నిలబడ్డ తర్వాత వస్తుంది.

1965లో టోక్యోలో సుమారు 200 మంది గృహిణులు కలిసి 300 సీసాల పాలు కొనడంతో మొదలైనది సెయికాత్సు క్లబ్. ఇరుగుపొరుగు ఇళ్ళన్నీ ఒక గుంపై ముందే ఆర్డర్ ఇచ్చి, వచ్చింది పంచుకుంటాయి. ఇరవై రకాల సబ్బుల్లోంచి ఏరుకునే సుఖం అక్కడ ఉండదు. 1973లో బ్రూక్లిన్‌లో మొదలైన పార్క్ స్లోప్ ఫుడ్ కోఆప్‌లో డబ్బుంది కదా అని ఎవరూ వెళ్ళి కొనలేరు. సభ్యులై ఉండాలి, వంతు ప్రకారం పనిచేయాలి. చాలా ఏళ్ళ పాటు అది నాలుగు వారాలకి ఒకసారి 2 గంటల 45 నిమిషాలు. జున్ను కోయడం, పెట్టెలు దించడం, నేల తుడవడం. జీతాల ఖర్చు తగ్గింది కాబట్టి ధర తగ్గింది. 2011లో ఆ కోఆప్ గురించి ఒక గొడవ పత్రికలకెక్కింది. కొందరు సభ్యులు తమ వంతు పనికి పిల్లల్ని చూసుకునే ఆయాల్ని పంపుతున్నారట.

అది చదివి నేను గట్టిగా నవ్వాను. మా దగ్గర మూడో వారానికే ఒక సభ్యుడి బదులు ఆయన డ్రైవర్ వచ్చి పప్పు తూచాడు.

*

మా దగ్గర అంటే మా అపార్ట్‌మెంట్లో, హైదరాబాద్ పడమటి వైపు. 2023 మొదట్లో 43 ఫ్లాట్ల వాళ్ళం కలిసి నేరుగా రైతుల దగ్గర కొనుక్కుందామని ఒక గుంపు కట్టాం. ఆర్డర్ల లెక్క చూసే ప్రోగ్రాం నేనే రాశాను. చేవెళ్ళ దాటాక ఒక ఊళ్ళో మందులు కొట్టకుండా కూరగాయలు పండించే రైతుతో మాట్లాడుకున్నాం. ఏడాది పొడవునా టమాటా కిలో 32 రూపాయలు, బజారులో పెరిగినా తగ్గినా. కాగితం రాసుకోలేదు. చదువుకున్నవాళ్ళం కదా, మాట చాలనుకున్నాం.

జులైలో టమాటా కిలో వంద దాటింది. ఆ నెల గుర్తుండే ఉంటుంది, ఇంట్లో టమాటా పప్పు చేస్తే పండగలా ఉండేది. ఆయన తోట దగ్గరికి దళారులు వచ్చి ఆశ పెట్టారని తర్వాత తెలిసింది. ఆయన మాత్రం ప్రతి శనివారం ట్రేలు మా సెల్లార్‌లో దించి 32 లెక్కనే తీసుకుపోయాడు. 43 ఫ్లాట్లూ రెట్టింపు ఆర్డర్ పెట్టాయి. ఫోటోలు తీసి స్టేటస్‌లు పెట్టుకున్నాం.

సెప్టెంబరుకి ధర కూలిపోయింది. కర్నూలు వైపు రైతులు టమాటాలు రోడ్డు మీద పారబోశారన్న వార్తలొచ్చాయి. మా గ్రూపులో స్క్రీన్‌షాట్లు మొదలయ్యాయి. 'పది నిమిషాల్లో తెచ్చిస్తున్నారు, 18 రూపాయలే. మనమెందుకు 32 ఇవ్వాలి?' అని. ఒక శనివారం 14 ఫ్లాట్లే తీసుకున్నాయి. మిగతా ట్రేలు లిఫ్టు పక్కన మెత్తబడి కారాయి. వాసన వస్తోందని అసోసియేషన్ వాళ్ళు నోటీసు పెట్టారు.

డబ్బు లెక్క తేల్చడానికి ఆయనకి ఫోన్ చేస్తే, ఆయన అరవలేదు. "రేటు పెరిగినప్పుడు నేను మీ కోసం ఆగిన సార్. తగ్గినప్పుడు మీరు నా కోసం ఆగలే" అన్నాడు, అంతే. తర్వాత రాలేదు.

ఇందులో నేను దాటేద్దామనుకున్న వాక్యం ఒకటి ఉంది. ఆ శనివారం తీసుకోని 29 ఫ్లాట్లలో మాదీ ఒకటి. ఆఫీసు నుంచి వస్తూ యాప్‌లో కిలో తెప్పించుకున్నాను. నేను మిగుల్చుకున్నది 14 రూపాయలు. ఆ వారమే ఒక రాయలసీమ కథల సంపుటి మీద సమీక్ష రాస్తూ, రైతు పట్ల నాగరికుల ద్రోహం గురించి రెండు పేరాలు బాగా కుదిరాయని సంతోషపడ్డాను.

అందుకే నాకు పాకెట్ మీది పేరా రాసినవాడి మీద కోపం రాదు. వాడు నాకన్నా నయం. వాడికి ఆ పని చేసినందుకు జీతమిచ్చారు.

*

ఆర్నెల్లు గుంపు పడకేసింది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కూరగాయల జోలికి పోకుండా నిలవుండే పప్పుతో మొదలుపెట్టాం. నియమాలు రెండే. పంటకి ముందే సగం డబ్బు కట్టాలి, వెనక్కి ఇవ్వం. నెలకోసారి రెండు గంటలు పనిచేయాలి, బదులు మనిషిని పంపకూడదు. 43 ఫ్లాట్లు 19 అయ్యాయి.

తాండూరు వైపు రైతుల దగ్గర కందులు కిలో 95 రూపాయలకి మాట్లాడుకున్నాం. ఆ పంటకి, అంటే 2024-25కి, ప్రభుత్వ మద్దతు ధర క్వింటాల్‌కి 7,550. ఒక కిలో పప్పుకి కిలోం నలభై గ్రాములు కాదు, ఒకటింబావు మీద ఇంకొంచెం, మా లెక్కలో 1.4 కిలోల కందులు పట్టాయి. అంటే 133 రూపాయలు. మిల్లుకి 9, లారీకీ గోనెలకీ 6, తరుగు కోసం 4. మొత్తం 152. షాపులో ఆ ఖాకీ పాకెట్ ధర దరిదాపుల్లో లేదు, మామూలు కిరాణా పప్పుకి పదీ పరక ఎక్కువ. రైతుకి మద్దతు ధర కన్నా కిలోకి దాదాపు 20 రూపాయలు ఎక్కువ అందింది. మాయ ఏమీ లేదు. ముందు డబ్బు, మా రెండు గంటలు, అంతే.

ఇక్కడితో కథ సుఖాంతం చేసి ఆపేయొచ్చు. కానీ మా ఇంట్లో వంట చేసే అక్క ఒకరోజు బస్తా చూసి అడిగింది: "గీ పప్పు మాకు గూడ ఇస్తరా సారూ?"

కమిటీలో పెడితే, 'ఫ్లాట్ ఓనర్లకే కదా' అన్నారు ఒకరు. 'ఇది ఛారిటీ కాదు' అన్నారు ఇంకొకరు. ఆమె ఛారిటీ అడగలేదు, ధర అడిగింది. ధర ఆమెకి నచ్చింది కూడా. ఆమె ఇబ్బంది వేరే. 24 కిలోల పప్పుకి మూడున్నర వేల పైచిలుకు అవుతుంది, అందులో సగం సెప్టెంబరులోనే కట్టడం ఆమెకి కుదరదు. ఆమె వారానికి పావుకిలో, అరకిలో కొంటుంది, అదీ చేతిలో డబ్బులున్న రోజున. ధర తగ్గించేశాం, ఇక అందరికీ అందుబాటే అనుకున్నాం. కానీ అందుబాటులో సగం ధర, మిగతా సగం ఎప్పుడు కట్టాలి, ఎంతెంత కొనాలి అన్నది. ఆ రెండో సగాన్ని మన ఆర్గానిక్ చర్చల్లో నేనెక్కడా వినలేదు.

వినాలనుకుంటే దూరం పోనక్కర్లేదు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు, 1990ల మధ్యలోనే ఈ ముడి విప్పారు. 30కి పైగా ఊళ్ళలో బీడుపడ్డ పొలాలు సాగులోకి తేవడానికి రైతులకి అప్పిచ్చారు. అప్పు తీర్చేది డబ్బుతో కాదు, జొన్నలతో. ఆ జొన్నల్ని ఊళ్ళోనే నిలవ చేశారు. ఏ ఇల్లు ఎంత పేదదో ఊరివాళ్ళే కూర్చుని తేల్చారు. పని దొరకని నెలల్లో ఆ ఇళ్ళకి మార్కెట్ కన్నా తక్కువ ధరకి అమ్మారు. రసాయనాలు లేని జొన్నలు, పేదవాళ్ళు పండించి, పేదవాళ్ళకే అందేలా. ఖాకీ పాకెట్ లేదు, అమ్మమ్మ పేరా లేదు. మనం ఇప్పుడు మిల్లెట్ అని ముద్దుగా పిలుచుకుంటూ వందలు పోసి కొంటున్న గింజల గురించే చెబుతున్నాను.

వాళ్ళ దగ్గర్నించి నేను నేర్చుకున్నది ఇది. నిలవ ఎవరి చేతిలో ఉంటే అందుబాటు వాళ్ళ చేతిలో ఉంటుంది. నగరంలో నిలవకి కావలసిన డబ్బు మనలాంటి జీతగాళ్ళ దగ్గరే ఉంది. నాకు సెప్టెంబరులో రెండు వేలు ముందు కట్టడం ఒక వారాంతపు సినిమా, భోజనం మానుకున్నంత పని. ఆ ముందు కట్టిన డబ్బుతో బస్తాలు వచ్చి సెల్లార్‌లో కూర్చుంటే, ముందు కట్టలేని మనిషి ఆదివారం వచ్చి పావుకిలో అదే ధరకి కొనుక్కోవచ్చు. నా డబ్బు నాకు పప్పు రూపంలో వచ్చేస్తుంది, ఒక్క రూపాయి దానం చేసింది లేదు. మధ్యలో అది కొన్ని నెలలు ఇంకొకరి పని చేసిపెడుతుంది. ప్రభుత్వం ఇవ్వని సబ్సిడీలో చిన్న ముక్క అది. ఇవ్వగలిగి కూడా ఇవ్వకుండా, 'ఆర్గానిక్ పేదలకి అందదండీ' అని నిట్టూర్చడం నాకిప్పుడు అబద్ధంలా వినిపిస్తోంది.

మా కమిటీలో ఓట్లు వేశారు. 11 మంది సరే అన్నారు, ఎనిమిది మంది వద్దన్నారు. వద్దన్నవాళ్ళలో ముగ్గురు వెళ్ళిపోయారు. వాచ్‌మెన్ కుటుంబాలు, వంటవాళ్ళు, ఇస్త్రీ బండి ఆయన, మొత్తం తొమ్మిది ఇళ్ళు చేరాయి. రోజుకి పది గంటలు ఒళ్ళు వంచే మనిషిని నెలకి ఇంకో రెండు గంటలు పనిచేయమనడం న్యాయం కాదు కాబట్టి ఆ నియమం వారాంతపు సెలవు ఉన్నవాళ్ళకే. ఓటు మాత్రం అందరికీ ఒకటే.

పాతిక ఇళ్ళతో దేశం మారుతుందా అని అడుగుతారని తెలుసు. మారదు. రోచ్‌డేల్‌లో ఉన్నది 28 మందే. మన 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం అడిగేది వేర్వేరు కుటుంబాల నుంచి పదిమందిని. ప్రభుత్వ పెట్టుబడి అక్కర్లేదు, అధికారి పెత్తనం అంతగా ఉండదు. ఇది చదువుతున్న మీ అపార్ట్‌మెంట్లో పదిమంది లేరా? మీ ఆఫీసులో? మీ పుస్తకాల గుంపులో? రైతు మీద వ్యాసం రాయడానికి ముందు ఆ పదిమందినీ కూర్చోబెట్టి చూడండి. నేను చూశాను, వ్యాసం రాయడం దీనికన్నా చాలా తేలిక.

ఈ ఏడాది బస్తాల మీద స్కెచ్ పెన్‌తో రాస్తున్నాం. రైతుకి 133, మిల్లుకి 9, బండికీ గోనెకీ 6, తరుగుకి 4. ఆ ఖాకీ పాకెట్ మీద నేను వెతికిన వాక్యం ఇదే. మొదటి ఆదివారం వంటక్క తన పావుకిలో కోసం వచ్చింది. బస్తా మీది అంకెల్ని చదివించుకుని విని, కాసేపు ఆలోచించి అడిగింది:

"గిదంత రాసుడు మంచిగనే ఉంది సారూ. తూకం సరిగ్గుందా, సూస్కున్రా?"

కాటా మళ్ళీ సున్నా చేసి, ఆమె ముందే ఇంకోసారి తూచాను.